నారుకు నీడ, మొక్కకు ఎండ



ఈరోజు పెరట్లో పొగాకు పెంచడం గురించి మాట్లాడుకుందాం. ఎకరాల లెక్క కాదు. పది మొక్కల మాట. మద్దికెర, ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఎండ ఊళ్ళలో, ఇంటి వెనక, నీళ్ళ తొట్టి పక్కన పెంచుకునే పది మొక్కల మాట.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. చుట్ట కోసం, నమలడం కోసం ఈ మొక్క వేసుకోమని నేను చెప్పడం లేదు. పొగాకు ఏ రూపంలో నోట్లోకి పోయినా చేటే. నోటి క్యాన్సరుతో మనిషి ఎట్లా కుంగిపోతాడో మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం. నేను చెప్పేది కషాయం కోసం. టమోటాకు పేనుబంక పట్టినప్పుడు, మిరపకు తామర పురుగు పట్టినప్పుడు పిచికారీ చేసుకునే కషాయం కోసం. పత్తికొండ, దేవనకొండ, ఆస్పరి వైపు టమోటా వేసే ఇళ్ళు ఎన్నో. ఆ టమోటాకు మార్కెట్లో ధర ఎంత పడిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అట్లాంటప్పుడు మందు డబ్బాకు పెట్టే ఖర్చు తగ్గించుకునే దారి ఏది దొరికినా వదులుకోకూడదు. నా తాపత్రయమంతా దాని గురించే.

మరి మన ఎండకు పొగాకు వస్తుందా? చాలామంది అడిగే ప్రశ్న ఇది.

వస్తుంది. మనది ఎడారి కాదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఆదోని నుంచి పత్తికొండ రోడ్డు మీద మధ్యాహ్నం పూట వెళ్ళినవాళ్ళకు ఎడారికీ మనకూ తేడా పెద్దగా కనిపించదు. నలభై డిగ్రీలు దాటిన ఎండ. పొడి గాలి. వాన అదను తప్పితే అంతే సంగతులు. ఇంత ఎండలోనూ ఎదిగిన పొగాకు మొక్క తట్టుకుంటుంది. తట్టుకోలేనిది దాని నారు. ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది. నారుకు నీడ, మొక్కకు ఎండ. తొలి ఆరు వారాలు నీడ ఇవ్వండి. ఆ తర్వాత ఎండకు వదిలేయండి.

ఎందుకట్లా? పొగాకు విత్తనం ఎప్పుడైనా చేతిలోకి తీసుకున్నారా? గోధుమ రంగు పొడిలా ఉంటుంది. చిటికెడు తీసుకుని అరచేతిలో వేసుకుంటే చేతి గీతల్లోకి జారిపోతుంది. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. ఒక్క గ్రాములో పది పన్నెండు వేల గింజలుంటాయి. వేరుశనగ గింజను చూడండి. దాంట్లో నూనె ఉంది, పప్పు ఉంది. మొలక బయటికి వచ్చి నిలదొక్కుకునేదాకా దాని తిండి దాంట్లోనే ఉంది. పొగాకు గింజలో అంత దాపుడు ఎక్కడిది? మొలిచిన రోజు నుంచే పై తడి మీద బతకాలి. దాని వేరు వెంట్రుక మందాన కూడా ఉండదు. పై పొర అర అంగుళం ఎండిందంటే ఆ మొలక ఆ పూటే పోతుంది. పుట్టిన బిడ్డను తొలి నెలలో ఎండకూ గాలికీ చూపించరు కదా. పొగాకు నారును కూడా అట్లాగే దాచుకోవాలి.

ఈ మొక్క మన నేలకు కొత్త కాదు. నాలుగు వందల ఏళ్ళ మాట. అప్పట్లో ఆదోని బీజాపూరు సుల్తానుల చేతిలో ఉండేది. 1604 ప్రాంతంలో అక్బరు దూతగా బీజాపూరు వెళ్ళిన అసద్ బేగ్ అక్కడ పొగాకు చూశాడు. ఉత్తరాదిలో అంతకుముందు చూడని వస్తువు. రత్నాలు పొదిగిన గొట్టంతో సహా దాన్ని పట్టుకెళ్ళి అక్బరు ముందు పెట్టాడు. పోర్చుగీసు ఓడల్లో వచ్చిన ఆకు దక్కనులో అప్పటికే చేతులు మారుతోందన్నమాట. ఆ తర్వాత తెలుగు నేల మీద ఇది పెద్ద పంట అయింది. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వచ్చింది. గుంటూరులో 1976లో పొగాకు బోర్డు వచ్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త. సిగరెట్లకు వాడే వర్జీనియా పొగాకు పండించాలంటే ఆ బోర్డులో రిజిస్టరు కావాలి. మనం మాట్లాడుకునేది అది కాదు. నంద్యాల వైపు రైతులు ఎప్పటి నుంచో వేస్తున్న నాటు పొగాకు. విత్తనం అటు రైతుల దగ్గర దొరుకుతుంది. తెచ్చుకునేటప్పుడు నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో కూడా ఒకసారి అడగండి. తెగులు లేని తోట విత్తనమే తెచ్చుకోండి.

ఇక పనిలోకి వద్దాం.

మొదటి పని ఎండాకాలంలోనే మొదలవుతుంది. మన ఎండ మనకు శత్రువని అనుకుంటాం. ఇక్కడ అదే సాయం చేస్తుంది. నారుమడి వేయదలచుకున్న చోట, మంచం పట్టేంత జాగా చాలు, మే నెలలో మట్టి తవ్వండి. గడ్డలు చితకండి. బాగా తడపండి. తడి మట్టి మీద తెల్లని పాలిథిన్ షీటు పరచండి. లోపలిది కనిపించే షీటు కావాలి. నల్లది వద్దు. అంచుల మీద మట్టి వేసి గాలి చొరకుండా మూసేయండి. నాలుగు నుంచి ఆరు వారాలు అట్లాగే వదిలేయండి. ఆ షీటు కింద వేడి పట్టి కలుపు విత్తనాలు చస్తాయి. నారు కుళ్ళించే బూజు చాలావరకు చస్తుంది. పంటను పట్టే నులిపురుగులు తగ్గుతాయి. కోస్తా రైతులు మడి మీద చెత్త వేసి కాలుస్తారు. మనకు ఆ పొగ అవసరం లేదు. మన మే నెల ఎండ చాలు.

రెండో పని శ్రావణంలో. ఆగస్టు నడిమికి మడి చేసుకోండి. జానెడు ఎత్తుగా చేయండి. వాన పడితే నీళ్ళు పక్కకు జారిపోవాలి. బాగా మాగిన పశువుల ఎరువు జల్లెడ పట్టి కలపండి. పచ్చి ఎరువు వద్దు. నల్లరేగడి అయితే ఎండకు నోరు తెరుస్తుంది, వానకు బిగుసుకుపోతుంది. అందులో ఇసుక, ఎర్రమట్టి కలుపుకోండి.

విత్తనం చల్లడం ఇట్లా. చిటికెడు విత్తనం తీసుకోండి. దోసెడు సన్నటి ఇసుకలో కలపండి. ఆ ఇసుకను మడి మీద సమానంగా చల్లండి. మట్టి కప్పకండి. మళ్ళీ చెప్తున్నాను, మట్టి కప్పకండి. పొగాకు గింజ మొలవాలంటే వెలుతురు తగలాలి. అరచేత్తో మెల్లగా అద్దితే చాలు.

ఇప్పుడు నీడ. మడి మీద పలచగా వరిగడ్డి పరచండి. లేదంటే జొన్న సొప్ప ముక్కలు చేసి పరచండి. దానికి పైన రెండడుగుల ఎత్తున కంది కట్టెతో చిన్న పందిరి వేయండి. పందిరి మీద పాత నూలు చీర కప్పండి. మన ఎమ్మిగనూరు నేత చీర, చిరిగి పక్కన పడేసింది ఏదైనా పనికొస్తుంది. దాంట్లోంచి గాలి ఆడుతుంది, వెలుతురు దిగుతుంది, ఎండ పెట్టు మాత్రం తగలదు. పాలిథిన్ గోతాలు కప్పకండి. కింద ఉడికిపోతుంది.

నీళ్ళు బకెట్టుతో పోయకండి. గింజలన్నీ కొట్టుకుపోయి ఒక మూలకు చేరతాయి. సన్న కన్నాల రోజ్ క్యాన్ ఉంటే దాంతో చల్లండి. లేకపోతే డబ్బా అడుగున మేకుతో కన్నాలు పెట్టుకోండి. వాన లేని రోజుల్లో రోజుకు నాలుగైదు సార్లు, ప్రతిసారీ కొద్దిగా. మట్టి ఎప్పుడూ తేమగా ఉండాలి. ఎప్పుడూ బురద కాకూడదు. చివరి తడి సాయంత్రం పొద్దుండగానే అయిపోవాలి. రాత్రంతా ఆకు మీద నీళ్ళు నిలిస్తే నారు కుళ్ళు వస్తుంది.

ఇంకో మాట. మన బోర్లలో ఉప్పు నీళ్ళున్న ఊళ్ళు ఉన్నాయి. నీళ్ళు ఎండిన చోట నేల మీద తెల్లగా పొర కడుతుంటే ఆ నీళ్ళు నారుకు వద్దు. వాన నీళ్ళు పట్టి పెట్టుకోండి. ఇంత చిన్న మడికి రెండు బిందెలు రోజంతా సరిపోతాయి.

వారం, పది రోజులకు మొలక కనిపిస్తుంది. ముందు పచ్చని చుక్కలు. వంగి చూస్తేనే కనిపిస్తాయి. తర్వాత రెండు గుండ్రటి ఆకులు, నేలకు అంటుకుని ఉంటాయి. చాలామందికి ఇక్కడ ఓపిక పోతుంది. మూడు వారాలైనా రూపాయి బిళ్ళంత లేదని మడి దున్నేస్తారు. దున్నకండి. ఆ మూడు వారాలు అది వేరు దించుకుంటూ ఉంటుంది. మొలక కనిపించాక గడ్డిని రెండు మూడు దఫాలుగా తీసేయండి. ఒక్కసారిగా తీయకండి. ఒత్తుగా ఉన్నచోట పీకి, మొక్కకూ మొక్కకూ రెండు వేళ్ళ ఎడం ఉంచండి. నాలుగో వారం నుంచి పొద్దున పూట చీర పక్కకు లాగండి. ఐదో వారంలో సాయంత్రం కూడా లాగండి. ఆరో వారంలో పందిరే తీసేయండి. నీళ్ళు కూడా తగ్గించండి. మధ్యాహ్నం ఆకు కొంచెం వాడినా, సాయంత్రానికి లేచి నిలబడుతోందంటే నారు గట్టిపడిందని గుర్తు.

అప్పటికి దసరా వస్తుంది. మద్దికెరలో గుర్రాల పారువేట జరిగే రోజులు. ఎండ తగ్గి, రాత్రులు చల్లబడే కాలం. నాటడానికి అదే అదను. సాయంత్రం నాటండి. రెండడుగుల ఎడం ఇవ్వండి. పాదు చేసి చెంబెడు నీళ్ళు పోయండి. నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం కొద్దిగా పోస్తే వేరు పట్టుకుంటుంది. ఆ తర్వాత వారానికొకసారి చాలు. నీళ్ళు నిలిస్తే మాత్రం ఊరుకోదు. ఒక్క రోజు వేరు నీళ్ళలో మునిగితే మొక్క వాడి పడిపోతుంది. దీనికి కరువు కంటే ముంపు చేటు.

ఇప్పుడు మన ఎండ ఇంకో సాయం చేస్తుంది. ఎక్కువ ఎండ, తక్కువ నీళ్ళు ఉన్నచోట ఆకు చిన్నదవుతుంది, దళసరి అవుతుంది, ఘాటు పెరుగుతుంది. సిగరెట్టు కంపెనీకి అది పనికిరాని ఆకు. మన కషాయానికి కావలసింది అదే. ఆ ఘాటు పేరు నికోటిన్. విచిత్రం ఏమిటంటే అది ఆకులో తయారు కాదు. వేరులో తయారై పైకి వస్తుంది. శాస్త్రజ్ఞులు పొగాకు కొమ్మను టమోటా వేరు మీద అంటు కట్టి చూశారు. ఆ పొగాకు ఆకులో నికోటిన్ దాదాపు లేదు. అమెరికాలో యూటా ఎడారిలో ఒక అడవి పొగాకు పెరుగుతుంది. పురుగు దాని ఆకు కొరికితే ఆ కబురు వేరుకు చేరుతుంది. కొద్ది రోజుల్లోనే మొక్కలో నికోటిన్ పెరుగుతుంది. తనను తాను కాపాడుకునే మందు అది. మనం తల తుంచినప్పుడు జరిగేది కూడా అదే. అందుకే మొగ్గ కనిపించగానే తల తుంచండి. ఆ తర్వాత ఆకు సందుల్లో పిలకలు వస్తాయి. వాటిని కూడా వారం వారం తుంచండి. వచ్చే ఏటి విత్తనానికి ఒక్క మొక్కను మాత్రం పూతకు వదలండి.

ఆకు ముట్టుకుంటే చేతికి బంకగా అంటుతుంది. నల్లటి మరక పడుతుంది. సబ్బుతో రుద్దినా తొందరగా పోదు. తడి ఆకును ఒట్టి చేత్తో తుంచకండి. మంచుతోనో వానతోనో తడిసిన ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. తల తిరుగుతుంది, వాంతులవుతాయి. పొగాకు తోటల్లో కూలికి పోయేవాళ్ళకు ఈ బాధ ఉంది. ఆకు పొడిగా ఉన్నప్పుడు, గ్లౌజులు తొడుక్కుని కోయండి. గర్భిణులు, పిల్లలు ఆ పనికి అసలు రావద్దు.

జనవరి, ఫిబ్రవరిలో కింది ఆకులు పసుపు తిరుగుతాయి. కింది నుంచి పైకి కోసుకుంటూ రండి. దారానికి గుచ్చి కొట్టంలో నీడన వేలాడదీయండి. మన పొడి గాలికి ఆకు పచ్చగానే ఎండిపోవచ్చు. చుట్టల వ్యాపారికైతే అది నష్టం. మనకేం నష్టం లేదు. బాగా ఎండిన ఆకును పట్టుకుంటే పొడైపోతుంది. తెల్లవారుజామున గాలిలో తేమ ఉన్నప్పుడు దించండి. అప్పుడు మెత్తగా ఉంటుంది, ముక్కు కళ్ళలోకి దుమ్ము రేగదు. బాగా పెరిగిన మొక్క నుంచి యాభై గ్రాముల ఎండు ఆకైనా వస్తుంది. పది మొక్కలకు అరకిలో. ఆ లెక్క గుర్తు పెట్టుకోండి.

కషాయం కొలత చెప్తాను. వంద గ్రాముల ఎండు ఆకు. దానికి లీటరుకు కొంచెం తక్కువ నీళ్ళు. అరగంట ఉడకబెట్టండి. చల్లారాక గుడ్డలో వడగట్టండి. వేరే గిన్నెలో పాతిక గ్రాముల బట్టల సబ్బు తురిమి నీళ్ళలో కరిగించండి. రెండూ కలపండి. దానికి ఆరింతల నీళ్ళు కలిపి పిచికారీ చేయండి. మళ్ళీ చెప్తున్నాను. వంద గ్రాముల ఆకు, లీటరుకు తక్కువ నీళ్ళు, అరగంట ఉడుకు, పాతిక గ్రాముల సబ్బు, ఆరింతల నీళ్ళు. అంటే వంద గ్రాముల ఆకుతో సుమారు ఆరు లీటర్ల మందు. అరకిలోతో ముప్పై లీటర్లు. పెరటి కూరగాయలకు అది ఏడాదికి ఎక్కువే.

ఉడకబెట్టడం ఎందుకు, నానబెడితే చాలదా అంటారేమో. ఒక రోజు నానబెట్టినా ఘాటు దిగుతుంది. కానీ టమోటా, మిరప, వంకాయ ఉన్న ఇంట్లో మాత్రం ఉడకబెట్టి తీరాలి. ఈ మూడూ పొగాకుకు దాయాదులే. ఒకే కుటుంబం. పొగాకుకు వచ్చే మొజాయిక్ తెగులు, ఆకు మీద పచ్చ పసుపు మచ్చలు పడి ముడతలు పడే తెగులు, టమోటాకూ మిరపకూ అంటుతుంది. ఆ తెగులు తెచ్చే వైరస్ ఎండిన ఆకులో కూడా ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. నానబెట్టిన నీళ్ళతో పాటు మీరే దాన్ని తోటంతా చల్లినవాళ్ళవుతారు. బాగా తెర్లేటట్టు అరగంట ఉడికిస్తే ఆ భయం పోతుంది. అదే కారణంతో పొగాకు మొక్కలను టమోటా మడికి దూరంగా, పెరటికి ఇంకో చివర వేయండి. చుట్ట, బీడీ ముట్టిన చేత్తో టమోటా నారు ముట్టకండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. టమోటా నారు ఎందుకు ముడుచుకుపోయిందో తెలియక దిగులుపడే ఇళ్ళు చాలా ఉన్నాయి. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పొగాకు లద్దె పురుగు సంగతి మీకు తెలుసు. వేరుశనగలో, పత్తిలో చూసినదే. పొగాకు ఆకు వెనక గుడ్ల గుంపు కనిపిస్తే ఆ ఆకు తుంచి నలిపేయండి. పది మొక్కలకు అంతకు మించిన మందు అక్కర్లేదు. మొక్క మొదట్లో పొగాకు మల్లె లేస్తే, పచ్చదనం లేని కాడ మీద పూలు పూసే కలుపు అది, విత్తనం పట్టకముందే పీకి తగలబెట్టండి. అది పొగాకు వేరు మీద పడి బతికేదే. టమోటా, వంకాయలను కూడా వదలదు.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైనది. ఈ కషాయం విషం. ఇంట్లో పండింది కదా, ఆకే కదా అని తేలిగ్గా తీసుకోకండి. పత్తి రైతులు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ పురుగు నరాల మీద ఎక్కడ పనిచేస్తుందో నికోటిన్ కూడా అక్కడే పనిచేస్తుంది. కాకపోతే ఎండకు, గాలికి తొందరగా విరిగిపోతుంది. అందుకే సాయంత్రం కొట్టండి. తేనెటీగలు గూటికి చేరాక కొట్టండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. చేతులకు గ్లౌజులు, ఒంటి మీద నిండు చేతుల చొక్కా. గాలికి ఎదురు నిలబడకండి. కొట్టిన వారం దాకా కాయ కోయకండి. కొత్తిమీర, పాలకూర, మెంతికూర లాంటి ఆకుకూరల మీద అసలు కొట్టకండి. లద్దె పురుగులాంటి పెద్ద పురుగుకు ఇది చాలదు. పేనుబంక, తామర పురుగు, తెల్లదోమ లాంటి మెత్తని పురుగులకే ఇది మందు. అది కూడా పురుగు కనిపించినప్పుడే. ముందు జాగ్రత్త అంటూ వారం వారం కొడితే పేనుబంకను తినే అక్షింతల పురుగులు కూడా చస్తాయి.

అనుమానం వస్తే ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. తెగులు పట్టిన ఆకు ఒకటి కవరులో పెట్టుకుని వెళ్ళి చూపించండి. ఫోటో కంటే ఆకు చూస్తే వాళ్ళు సరిగ్గా చెప్తారు.

చివరిగా మన మాట ఇంకోసారి. నారుకు నీడ, మొక్కకు ఎండ. మేలో మడిని ఎండబెట్టండి. శ్రావణంలో నీడలో విత్తండి. దసరాకు ఎండలో నాటండి.

ఇక అక్కచెల్లెళ్ళకు ఒక విన్నపం. కషాయం కాచే గిన్నె, వడగట్టే గుడ్డ, కొలిచే గ్లాసు వేరుగా పెట్టండి. వంటింట్లోకి రానివ్వకండి. ఉడికించేది కూడా ఆరుబయట పొయ్యి మీదే. మిగిలిన కషాయాన్ని నీళ్ళ సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టకండి. పిల్లలు తాగుతారు. ఆ పూటకు సరిపడా మాత్రమే కాచుకోండి. ఎండు ఆకును డబ్బాలో వేసి, మీద ఎర్ర రంగుతో విషం అని రాసి, చేతికి అందని చోట తాళం వేసి పెట్టండి.